కరాచీకి వెళ్ళిన బరిశాల్ ప్లీడరు

జోగేంద్రనాథ్ మండల్ పేరు మనలో చాలామంది చెవిన పడింది 2019-20లో, పౌరసత్వ సవరణ చట్టం మీద గొడవ నడుస్తున్నప్పుడు. వాట్సాప్‌లో తిరిగిన కథ క్లుప్తంగా ఇదీ: ఒక దళిత నాయకుడు ముస్లిం లీగ్‌ని నమ్మాడు. పాకిస్తాన్ వెళ్ళాడు. అక్కడ మొదటి న్యాయశాఖ మంత్రి అయ్యాడు. మూడేళ్ళు తిరిగేసరికి చేతులు కాల్చుకుని కలకత్తాకి వచ్చిపడ్డాడు. కాబట్టి... ఆ 'కాబట్టి' తర్వాత ఏం వస్తుందో మీకు తెలుసు, నేను రాయక్కర్లేదు.

కథలో చెప్పిన సంఘటనలు జరిగినవే. నా పేచీ అంతా కథని ఎక్కడ మొదలుపెట్టారన్న దాని మీదే. 1947లో మొదలుపెడితే మండల్ అమాయకుడిగానో, పదవి కోసం వెళ్ళినవాడిగానో కనిపిస్తాడు. ఓ డెబ్భై అయిదేళ్ళు వెనక్కి వెళ్ళి మొదలుపెడితే మనిషి వేరేగా కనిపిస్తాడు. ఆయన తప్పులు చేయలేదని కాదు. చేశాడు, వాటి దగ్గరికి కూడా వస్తాను. కానీ ఆ తప్పుల వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క తెలియకుండా తీర్పు చెప్పేస్తే, అది వాదన వినకుండా శిక్ష వేసినట్టే.

తూర్పు బెంగాల్లో ఫరీద్‌పూర్, బాకర్‌గంజ్ (బరిశాల్), జెస్సోర్, ఖుల్నా జిల్లాలు. నీళ్ళ దేశం. ఏటి పాయలు, ఆరునెలలు మునిగుండే బీలు భూములు. ఆ బురదని సాగులోకి తెచ్చినవాళ్ళు, పడవలు నడిపినవాళ్ళు, చేపలు పట్టినవాళ్ళు ఎక్కువమంది ఒకే కులం. పైకులాలవాళ్ళు వాళ్ళని 'చండాలులు' అనేవారు. ప్రభుత్వ రికార్డుల్లోనూ అదే పేరు. 1872లో ఆ కులానికి చెందిన ఒక ఊరి పెద్ద తన తండ్రి శ్రాద్ధానికి పైకులాల వాళ్ళని భోజనానికి పిలిచాడు. రామన్నారు. మామూలుగా అయితే ఆ అవమానం అక్కడితో దిగమింగుకోవాల్సిందే. ఈసారి అలా జరగలేదు. పైకులాల ఇళ్ళలో, పొలాల్లో పని చేసేది లేదని ఊళ్ళకి ఊళ్ళు మానేశాయి. జైళ్ళలో తమ కులం ఖైదీల చేత మాత్రమే పాకీ పని చేయించడం ఆపాలని సర్కారుని అడిగారు. దాదాపు నాలుగు నెలలు సాగింది ఆ సమ్మె. తిండిగింజలు అయిపోయాక ఆగిపోయింది. 1873 నాటి మన దేశంలో కులం మీద ఇంత పెద్ద సమ్మె! మన పాఠ్యపుస్తకాల్లో దీని ఊసు ఎక్కడా నాకు తగల్లేదు.

ఆ తర్వాత ఒరాకాందీలో హరిచాంద్ ఠాకూర్, ఆయన కొడుకు గురుచాంద్ నడిపిన మతువా ఉద్యమం వాళ్ళకి బడులిచ్చింది, తల ఎత్తుకునే ధైర్యమిచ్చింది. 1911 జనాభా లెక్కల నాటికి 'చండాల' పోయి 'నమశూద్ర' వచ్చింది. ఆరేళ్ళ తర్వాత బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచమ సభ జరిగి 'ఆది ఆంధ్ర' అన్న పేరు నిలిచింది కదా, అదే కాలం, అదే దప్పిక.

మండల్ 1904 జనవరి 29న బరిశాల్ జిల్లాలో గౌర్నదీ ప్రాంతంలోని ఒక పల్లెలో, పేద నమశూద్ర ఇంట్లో పుట్టాడు. బరిశాల్‌లో బ్రజమోహన్ కాలేజీలో చదివాడు. ఆ కాలేజీ పెట్టినవాడు అశ్వినీకుమార్ దత్తా, స్వదేశీ ఉద్యమంలో ఆ జిల్లాకి పెద్ద దిక్కు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి. తర్వాత కలకత్తాలో లా చదివి, బరిశాల్ కోర్టులో ప్లీడరుగా కుదురుకున్నాడు. 1937లో ఎన్నికలొచ్చాయి. ఓటు అందరికీ లేని రోజులు. పూనా ఒడంబడిక వల్ల బెంగాల్ శాసనసభలో షెడ్యూల్డు కులాలకి 30 సీట్లు కేటాయించారు. మండల్ వాటిలో దేనికీ పోటీ చేయలేదు. బాకర్‌గంజ్ ఈశాన్య జనరల్ సీటులో ఇండిపెండెంటుగా నిలబడ్డాడు. ఎదుట ఉన్నది కాంగ్రెస్ జిల్లా నాయకుడు సరళ్ కుమార్ దత్తా. అశ్వినీకుమార్ దత్తాకి స్వయానా అన్నదమ్ముల బిడ్డ. ఏ పెద్దమనిషి పెట్టిన కాలేజీలో చదివాడో ఆ ఇంటి వారసుడి మీద, రిజర్వేషన్ లేని సీటులో, ముప్ఫై మూడేళ్ళ నమశూద్ర ప్లీడరు గెలిచాడు.

ఇక్కడ ఒక చిన్న విషయం. అప్పటికి మండల్ ముస్లిం లీగ్ మనిషి కాడు. కాంగ్రెస్‌కి శత్రువూ కాడు. శరత్ బోస్, సుభాష్ బోస్‌లకి బాగా దగ్గర. వాళ్ళ అండతోనే 1940లో కలకత్తా కార్పొరేషన్‌లోకి వెళ్ళాడు. బోస్ సోదరుల్ని కాంగ్రెస్ బయటికి నెట్టిన తీరు చూశాకే ఆయన మనసు విరిగింది. వాట్సాప్ కథలో ఈ మూడేళ్ళు ఉండవు. ఉంటే విలన్ ఎవరో తేల్చడం కష్టమవుతుంది మరి.

*

మరి లీగ్ ఎందుకు? దీనికి మండల్ జవాబు మతంతో ముడిపడింది కాదు, పొలంతో ముడిపడింది. తూర్పు బెంగాల్లో ముస్లింలు ఎక్కువమంది రైతులు, కౌలుదార్లు, కూలీలు. నమశూద్రులూ అంతే. ఇద్దరి మీదా ఉన్న జమీందారు, వడ్డీ వ్యాపారి, కోర్టు గుమాస్తా, బడిపంతులు ఎక్కువగా పైకులాల హిందువులు. చదువులో ఇద్దరూ వెనకే. పక్కపక్క పొలాల్లో ఒకే బురదలో దిగేవాళ్ళు శాసనసభలో ఎదురెదురుగా ఎందుకు కూర్చోవాలి? ఇదీ ఆయన ప్రశ్న. పక్కపక్క పొలాలవాళ్ళు గట్ల కోసం తలలు పగలగొట్టుకున్న సందర్భాలూ ఆ జిల్లాల్లో ఉన్నాయి. ఆ సంగతి ఆయనకి తెలియనిదేం కాదు. అందుకే ఆ గొడవలు మత కలహాలుగా మారకూడదన్నది ఆయనకి పట్టుదల.

1943లో ఇరవై ఒక్క మంది షెడ్యూల్డు కులాల ఎమ్మెల్యేలు ఖ్వాజా నజీముద్దీన్‌కి మద్దతిచ్చారు. ఊరికే ఇవ్వలేదు. మంత్రివర్గంలో ముగ్గురు షెడ్యూల్డు కులాల వాళ్ళుండాలి, పిల్లల చదువుకి ఏటా 5 లక్షల రూపాయలు ఇవ్వాలి, ఉద్యోగాల్లో వాటా నిబంధనని ఏ మినహాయింపూ లేకుండా అమలు చెయ్యాలి. ప్లీడరు బేరం అంటే ఇలా ఉంటుంది. మంత్రి పదవులు మన కంటికి ముందు కనబడతాయి గానీ, నాకు ఆ 5 లక్షలే ముఖ్యంగా కనిపిస్తాయి. మండల్‌కి సహకార పరపతి, గ్రామీణ రుణాల శాఖ దక్కింది.

ఆయన చరిత్రలో నాకు మింగుడుపడని ఘట్టం కూడా ఇదే. అది కరువు ఏడాది. 1942లో జపాను వాళ్ళకి దొరక్కూడదని బ్రిటిష్ సర్కారు తీరప్రాంతంలో పదిమందికి మించి పట్టే పడవల్ని లాక్కుంది, చాలావాటిని పాడుచేసింది. నీళ్ళ దేశంలో పడవ లేకపోతే చేపా లేదు, బియ్యం రవాణా లేదు. లక్షల మంది పోయారు. ముప్ఫై లక్షల దాకా లెక్క కట్టినవాళ్ళున్నారు. ముందు పోయినవాళ్ళు కూలీలు, జాలర్లు. అంటే మండల్ ఎవరి పేరు మీద మంత్రి అయ్యాడో వాళ్ళే. ఆయన శాఖ బియ్యం శాఖ కాదు, నిజమే. తప్పు మొదట ఢిల్లీది, లండన్‌ది, అదీ నిజమే. అయినా ఆ ప్రభుత్వంలో కుర్చీ ఖాళీ చేయకుండా కూర్చున్నాడు. బేరంలో గెలుచుకున్నది చేజారిపోతుందని అనుకుని ఉంటాడా? అధికారం దగ్గర లేకపోతే మనవాళ్ళకి ఏమీ రాదన్న నమ్మకం మనిషిని ఎంతదాకా తీసుకెళ్తుందో నాకు అక్కడ కనిపిస్తుంది.

అదే ఏడాది అంబేడ్కర్ షెడ్యూల్డు కులాల ఫెడరేషన్‌కి బెంగాల్ శాఖ మొదలుపెట్టాడు మండల్. 1946 ఎన్నికల్లో ఆ ఫెడరేషన్ తరఫున బెంగాల్ మొత్తంలో గెలిచింది ఆయనొక్కడే. రిజర్వుడు సీట్లలో ఎక్కువ కాంగ్రెస్‌కి పోయాయి. కారణం అర్థం చేసుకోవడం తేలికే. సీటు దళితుడిది, ఓట్లు అందరివీ. తమకి నచ్చిన దళితుడిని పైకులాల ఓటర్లే గెలిపించుకోవచ్చు. అంబేడ్కర్ పూనా ఒడంబడిక మీద చివరిదాకా మండిపడింది ఇందుకే.

ఆ ఓటమి వల్ల అంబేడ్కర్‌కి సొంత బొంబాయిలో రాజ్యాంగసభకి వెళ్ళే దారి మూసుకుపోయింది. అప్పుడు బెంగాల్ నుంచి నిలబెట్టినవాడు మండల్. ఒక్క ఎమ్మెల్యేగా ఆయన చేతిలో ఉన్నది ఒకే ఒక్క ఓటు. మిగతావి ఇతర పార్టీల్లోని నమశూద్ర, రాజవంశీ సభ్యుల దగ్గరికి వెళ్ళి అడిగి తెచ్చినవి. 1946 జూలైలో అంబేడ్కర్ గెలిచాడు. ఆ డిసెంబరులో రాజ్యాంగసభలో ఆయన చేసిన మొదటి ప్రసంగం బెంగాల్ సభ్యుడిగా చేసిందే. దేశ విభజనతో ఆ బెంగాల్ సీటు పోయింది. 1947 జూలైలో కాంగ్రెస్ ఆయన్ని బొంబాయి నుంచి మళ్ళీ పంపింది. కానీ మొదటి తలుపు తీసింది బరిశాల్ ప్లీడరు. మన ఊళ్ళలో ఏప్రిల్ 14 సభల్లో ఈ పేరు వినబడాల్సినంత వినబడదు.

1946 ఆగస్టు 16న కలకత్తా నెత్తుటి మడుగయింది. అక్టోబరులో నోవాఖాలీ. సుహ్రవర్దీ మంత్రివర్గంలో ఉన్న మండల్‌ని రాజీనామా చేయమని హిందువుల వైపు నుంచి ఒత్తిడి, రోజూ బెదిరింపు ఉత్తరాలు. చేయలేదు. ఊరూరా తిరిగి నమశూద్రులకి చెప్పింది ఒక్కటే: ఈ గొడవల్లోకి దిగకండి. పైకులాల వాళ్ళ తరఫున ముస్లింల మీదకి వెళ్ళకండి. ఈలోగా ఢిల్లీలో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది. కాంగ్రెస్ తన వాటాలో ఒక ముస్లింని పెట్టుకుంది కాబట్టి, లీగ్ తన అయిదుగురిలో ఒకడిగా మండల్‌ని పంపింది. ఆయనకి న్యాయశాఖ ఇచ్చారు. ఒకే ప్రభుత్వంలో కాంగ్రెస్ దళితుడు జగ్జీవన్ రామ్, లీగ్ దళితుడు మండల్. జిన్నాకి దళితుల మీద ప్రేమ పొంగుకొచ్చిందని నేననుకోను. చదరంగంలో ఎత్తుకి పైఎత్తు. అది మండల్‌కీ తెలిసే ఉంటుంది. పాకిస్తాన్ డిమాండు కూడా బేరంలో భాగమే తప్ప నిజంగా దేశం చీలేదాకా రాదనుకున్నానని తర్వాత రాశాడు. చీలిక ఖాయమయ్యాక కూడా బెంగాల్‌ని చీల్చొద్దన్న శరత్ బోస్, సుహ్రవర్దీల పక్షాన నిలబడ్డాడు. చీలిపోయింది. ఆయన ఊరు పాకిస్తాన్‌లోకి వెళ్ళింది. 'పాకిస్తాన్ వెళ్ళాడు' అంటారే, నిజానికి బరిశాల్ ఎక్కడికీ కదల్లేదు.

*

1947 ఆగస్టు 10. కరాచీలో పాకిస్తాన్ రాజ్యాంగసభ మొదటిసారి కూర్చుంది. తాత్కాలిక అధ్యక్షుడి కుర్చీలో మండల్. మర్నాడు జిన్నా అధ్యక్షుడయ్యాడు, మతానికీ రాజ్యానికీ సంబంధం ఉండదన్న ఆ ప్రసిద్ధ ప్రసంగం చేశాడు. ఆగస్టు 15 నాటికి ఉపఖండంలో విచిత్రమైన పరిస్థితి: ఢిల్లీలో న్యాయశాఖ మంత్రి అంబేడ్కర్, కరాచీలో న్యాయ, కార్మిక శాఖల మంత్రి మండల్. రెండు కొత్త దేశాల చట్టాల పెట్టె తాళాలు ఇద్దరు అంటరాని కులాల లాయర్ల చేతుల్లో ఉన్నాయి. తాళాలున్నంత మాత్రాన ఇల్లు సొంతమవుతుందా అన్నది ఆ తర్వాత ఇద్దరికీ తెలిసొచ్చింది.

కరాచీలో మొదట బయటపడింది పాకీ పని విషయంలోనే. 1873లో మొదలైన చోటికే మళ్ళీ వచ్చాం, చూడండి. అల్లర్లకి భయపడి సింధ్ నుంచి హిందువులు వెళ్ళిపోతుంటే, సఫాయి పనివాళ్ళని మాత్రం పాకిస్తాన్ ప్రభుత్వం కదలనివ్వలేదు. అత్యవసర సేవలన్నారు. వీళ్ళూ వెళ్ళిపోతే కరాచీ వీధులు ఎవరు ఊడుస్తారని ప్రధాని లియాకత్ అలీ ఖాన్ అడిగినట్టు అప్పటి భారత హైకమిషనర్ శ్రీప్రకాశ రాసుకున్నాడు. వాళ్ళని రప్పించమని 1947 డిసెంబరులో అంబేడ్కర్ నెహ్రూకి ఉత్తరం రాశాడు. అప్పుడు ఆ దేశంలో కార్మికశాఖ మంత్రి ఒక దళితుడు.

అంతకు నెల ముందే, నవంబరులో, అంబేడ్కర్ ఒక ప్రకటన చేశాడు. పాకిస్తాన్‌లో చిక్కుకున్న షెడ్యూల్డు కులాల వాళ్ళు ఎలా వీలైతే అలా వచ్చేయాలని, ముస్లింలనో లీగ్‌నో నమ్ముకోవద్దని. అదే ప్రకటనలో హైదరాబాద్ దళితులకి కూడా చెప్పాడు, నిజాం పక్షం చేరొద్దని. మన హైదరాబాద్ సంగతి కూడా మండల్ కథకి చాలా దగ్గర. ఇక్కడ బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయ్యాడు, దళితుల చదువుకి నిధులు తెచ్చాడు. బి. శ్యాంసుందర్ నిజాం ప్రతినిధి బృందంలో ఐక్యరాజ్య సమితికి వెళ్ళాడు. పోలీసు చర్య తర్వాత ఇద్దరూ కటకటాల వెనక్కి వెళ్ళారు. మండల్‌ని ఒంటరి వెర్రివాడిగా చూపించేవాళ్ళు ఈ పేర్లు కలిపి చదవరు. కలిపి చదివితే, అప్పట్లో చాలామంది దళిత నాయకులకి ఇదొక నిజమైన దారిగా తోచిందని అర్థమవుతుంది. అంబేడ్కర్ ఆ దారి వద్దన్నాడు. ఆయన అంచనానే నిజమైంది.

1948 సెప్టెంబరులో జిన్నా పోయాడు. 1949 మార్చిలో రాజ్యాంగ లక్ష్యాల తీర్మానం వచ్చింది, సర్వాధికారం దేవుడిదని. తూర్పు బెంగాల్ కాంగ్రెస్ సభ్యుడు శ్రీశ్‌చంద్ర చట్టోపాధ్యాయ సభలో గట్టిగా వ్యతిరేకించాడు. మండల్ మాత్రం ఇంకో ఏడాదిన్నర ప్రభుత్వంలోనే ఉన్నాడు. 1949 డిసెంబరులో ఖుల్నా జిల్లా కాల్శిరా అనే నమశూద్ర గ్రామానికి కమ్యూనిస్టుల కోసం పోలీసులు వెళ్ళారు. ఘర్షణలో ఒక కానిస్టేబుల్ చనిపోయాడు. ఆ తర్వాత పోలీసులు, అన్సార్ దళాలు ఊరిమీద పడ్డాయి. మండల్ స్వయంగా వెళ్ళి చూసి రాసిన లెక్క: 350 ఇళ్ళలో మిగిలినవి మూడు. 1950 ఫిబ్రవరిలో ఢాకా అంటుకుంది, తర్వాత బరిశాల్. ఆయన పుట్టిన జిల్లా, ఆయన్ని గెలిపించిన జిల్లా. ఆ రెండు నెలల్లో తూర్పు బెంగాల్లో చనిపోయినవాళ్ళు దాదాపు పదివేలని ఆయన అంచనా.

ఏప్రిల్‌లో నెహ్రూ, లియాకత్‌ల ఒప్పందం జరిగింది. అది నచ్చక ఢిల్లీలో శ్యామాప్రసాద్ ముఖర్జీ, కె.సి. నియోగీ రాజీనామా చేశారు. మండల్ ఆ ఒప్పందం మీద ఆశ పెట్టుకుని మళ్ళీ ఊళ్ళు తిరిగాడు, పారిపోకండని చెప్పాడు. ఏమీ మారలేదు. 1950 అక్టోబరు 8న, కలకత్తా నుంచి, లియాకత్ అలీ ఖాన్‌కి రాజీనామా ఉత్తరం పంపాడు.

ఆ ఉత్తరం తప్పకుండా చదవండి, పూర్తిగా. ఇంటర్నెట్‌లో తిరిగేవి చివరి పేరాలే. మొదటి భాగంలో లీగ్‌తో ఎందుకు కలిశాడో, ఏ షరతులతో కలిశాడో, ఒక్కోటి ఎప్పుడెలా తప్పారో రాశాడు. ఊరి పేరు, తేదీ, ఏం జరిగింది, ఎవరికి ఫిర్యాదు చేశాను, ఏం జవాబొచ్చింది. కోర్టులో దాఖలు చేసే చార్జిషీటులా ఉంటుంది. సింధ్‌లో, పశ్చిమ పంజాబులో దళితుల బలవంతపు మతమార్పిడుల గురించీ ఉంది. తూర్పు బెంగాల్ వెనుకబడిన జనాన్ని పైకి తేవాలన్న నా జీవిత లక్ష్యం ఓడిపోయిందని మొదట్లోనే ఒప్పుకుంటాడు. ఆ ఉత్తరంలో ఆయన తీర్పు చెప్పింది పాకిస్తాన్ రాజ్యం మీద. పక్క పొలం ముస్లిం రైతుకీ తనవాళ్ళకీ ఒకే ఆకలి అన్న మాటని మాత్రం ఎక్కడా వెనక్కి తీసుకోలేదు. వాట్సాప్ కథ రాసినవాళ్ళకి ఆ భాగం పనికిరాదు.

ఏడాది తిరక్కుండానే, 1951 సెప్టెంబరులో, ఢిల్లీ న్యాయశాఖ మంత్రి కూడా రాజీనామా చేశాడు. హిందూ కోడ్ బిల్లు అటకెక్కినందుకు.

*

కలకత్తాలో మండల్‌కి ఎవరూ దండలు వేయలేదు. కరాచీ దృష్టిలో ద్రోహి. ఇక్కడ భద్రలోకులు పెట్టిన వెక్కిరింపు పేరు 'జోగేన్ అలీ మొల్లా'. ఆయన శరణార్థుల దగ్గరికి వెళ్ళాడు. శరణార్థుల్లోనూ కులం ఉంది. ముందుగా వచ్చిన పైకులాల వాళ్ళు చాలామంది కలకత్తా చుట్టుపక్కల కాలనీలు వేసుకుని, చదువుతో, చుట్టరికాలతో నిలదొక్కుకున్నారు. 1950 తర్వాత వచ్చిన నమశూద్ర రైతుల్ని క్యాంపుల్లో ఉంచి, 1958 నుంచి దండకారణ్య ప్రాజెక్టు కింద బస్తర్, కోరాపుట్ అడవుల్లోకి రైళ్ళెక్కించారు. నీళ్ళ మీద బతికినవాళ్ళని ఎర్రమట్టి రాళ్ళలోకి. పశ్చిమ బెంగాల్లోనే భూమి ఇవ్వాలని మండల్ వాదించాడు. జనాన్ని అలా చెల్లాచెదురు చేస్తే వాళ్ళ ఓటుకి ఎక్కడా బలం ఉండదన్నది ఆయన భయం. ఆ భయం అక్షరాలా నిజమైంది. ఎన్నికల్లో మళ్ళీ మళ్ళీ నిలబడ్డాడు, మళ్ళీ మళ్ళీ ఓడాడు. చివరిసారి 1967లో, రిపబ్లికన్ పార్టీ తరఫున, బారాసత్ నుంచి. 1968 అక్టోబరు 5న సరిహద్దు ఊరు బనగాఁవ్‌లో చనిపోయాడు.

దండకారణ్యంలో ఇమడలేక వేలమంది 1978లో సుందర్‌బన్స్‌లోని మరీచ్‌ఝాపీ దీవికి తిరిగొచ్చారు. మర్నాడు ఏడాది జనవరిలో వామపక్ష ప్రభుత్వం దిగ్బంధం పెట్టింది, కాల్పులు జరిగాయి, మేలో దీవి ఖాళీ చేయించారు. అప్పటికి మండల్ లేడు.

మల్కన్‌గిరి వైపు ఎప్పుడైనా వెళ్తే ఎం.వి.1, ఎం.వి.2 అంటూ నంబర్లే పేర్లుగా ఉన్న ఊళ్ళు కనిపిస్తాయి. అవన్నీ వాళ్ళవే. అంత దూరం కూడా అక్కర్లేదు. మన కాగజ్‌నగర్ పక్కన ఈస్‌గాంలో బెంగాలీ క్యాంపు ఉంది, ఆ రోజుల్లో వచ్చినవాళ్ళది. అక్కడి పిల్లలు తెలుగు మాట్లాడతారు. వాళ్ళలో నమశూద్రులు చాలామంది. పశ్చిమ బెంగాల్లో నమశూద్రులు షెడ్యూల్డు కులం. తెలంగాణ జాబితాలో ఆ పేరు లేదు. కాబట్టి 1911లో పోరాడి తెచ్చుకున్న ఆ పేరుతో వాళ్ళకి ఇక్కడ ఎస్సీ సర్టిఫికెట్ రాదు. ఆ సర్టిఫికెట్ కోసం వాళ్ళు ఇప్పటికీ అర్జీలు పెట్టుకుంటూనే ఉన్నారు.